నారుమడి పెంచిన బ్రాంచ్ రికీ

జులై నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు రెండు వర్గాలుగా విడిపోతారు. టైటిల్‌కు దగ్గరపడిన జట్టుకు ఒక మంచి పిచర్ తక్కువవుతాడు. అలాంటివాడు అట్టడుగున ఉన్న మరో జట్టులో ఉంటాడు. ఇస్తామంటారు, కానీ బదులుగా పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లను ముగ్గుర్ని అడుగుతారు. ఇవ్వాలా, వద్దా? ఇస్తే ఈ ఏడాది కప్పు రావచ్చు. ఆ ముగ్గురిలో ఒకడు నాలుగేళ్ల తర్వాత గొప్ప ఆటగాడై మన జట్టునే ఓడించనూవచ్చు.

మనకు తెలిసిన ఐపీఎల్ వేలంలో డబ్బు పెడితే ఆటగాడు వస్తాడు. బేస్‌బాల్‌లో ఆటగాడికి ఆటగాడిని ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కువ. దాన్ని ట్రేడ్ అంటారు. ఎదుగుతున్న పిల్లల్ని అట్టిపెట్టుకోవాలా, వాళ్లను ఇచ్చి పేరున్నవాణ్ని తెచ్చుకోవాలా అన్న వాదన వందేళ్లుగా నడుస్తూనే ఉంది. ఆ వాదనకు ఒక రూపం ఇచ్చినవాడు బ్రాంచ్ రికీ. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను మేజర్ లీగ్‌లోకి తెచ్చిన మనిషిగా ఆయన పేరు మన పాఠ్యేతర పుస్తకాల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంది. అంతకు పాతికేళ్ల ముందే ఆయన మొదలుపెట్టిన పని గురించి మన దగ్గర చెప్పుకోవడం తక్కువ. ఆయన జీవితంలో మొదటి ఉద్యోగం పల్లెటూరి బడిలో పంతులు పని అన్న సంగతి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

వెస్లీ బ్రాంచ్ రికీ 1881 డిసెంబర్ 20న ఒహాయో రాష్ట్రం దక్షిణాన స్టాక్‌డేల్ అనే చోట రైతు కుటుంబంలో పుట్టాడు. ఇంట్లో మెథడిస్టు క్రైస్తవ నియమాలు గట్టిగా ఉండేవి. ఆదివారం బంతి ముట్టనని తల్లికి మాట ఇచ్చాడు. ఇరవై ఏళ్లు నిండకముందే టర్కీ క్రీక్ అనే ఊళ్లోని చిన్న బడిలో టీచరుగా చేరాడు. ముందు కూర్చున్న పిల్లల్లో కొందరు దాదాపు ఆయన ఈడువాళ్లే. పగలు పాఠం చెబుతూ, మిగతా వేళల్లో లాటిన్, గణితం సొంతంగా నేర్చుకుంటూ, జీతంలో మిగిల్చిన డబ్బుతో ఒహాయో వెస్లియన్ యూనివర్సిటీలో చేరాడు. చదువుకు ఖర్చు కావాలి కాబట్టి ఆట ఆడి సంపాదించాడు, తర్వాత ఆట నేర్పి సంపాదించాడు.

ఆటగాడిగా ఆయన సాధించింది పెద్దగా లేదు. ఆదివారం ఆడనన్నందుకు 1904లో సిన్సినాటి జట్టు ఇంటికి పంపేసింది. తర్వాత సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కూ న్యూయార్క్ జట్టుకూ క్యాచర్‌గా కొన్నాళ్లు ఆడాడు. క్యాచర్ అంటే బ్యాటర్ వెనక కూర్చునేవాడు, మన వికెట్ కీపర్ లాంటివాడు. ఎదుటి జట్టువాళ్లు ఒక బేస్ నుంచి మరో బేస్‌కు దొంగచాటుగా పరుగెత్తబోతే అతను బంతి విసిరి ఆపాలి. 1907లో ఒక ఆటలో, భుజం నొప్పితో ఉన్న రికీ మీద వాషింగ్టన్ జట్టు ఏకంగా 13 బేస్‌లు దొంగిలించింది. ఆ లెక్క ఇప్పటికీ రికార్డు పుస్తకాల్లో ఉంది. తర్వాత క్షయ వచ్చి శానటోరియంలో ఉన్నాడు. కోలుకుని మిషిగన్ యూనివర్సిటీలో లా చదివాడు, చదువుతూనే అక్కడి జట్టుకు కోచ్‌గా పనిచేశాడు. ఐడహో రాష్ట్రంలో లాయరుగా బోర్డు పెడితే అదీ నడవలేదు. 1913లో మళ్లీ బ్రౌన్స్ క్లబ్బుకు, ఈసారి ఆఫీసు పనికి, వచ్చాడు. 1917లో అదే ఊళ్లోని మరో క్లబ్బు కార్డినల్స్‌కు ప్రెసిడెంటు అయ్యాడు.

పదవి పెద్దదే, క్లబ్బు మాత్రం చితికిపోయి ఉంది. బయటినుంచి ఎవరైనా వస్తే ఆఫీసు బాగా కనిపించాలని రికీ తన ఇంటి తివాచీ తెచ్చి పరిచేవాడట. ఒక ఏడాది పాత యూనిఫారాలకే అతుకులు వేసి ఆడారు. స్టార్లను కొనే మాట అలా ఉంచి, స్టార్లు కాబోయేవాళ్లను కొనడం కూడా కష్టంగా ఉండేది.

ఎందుకో చెప్పాలంటే అప్పటి పద్ధతి కొంచెం వివరించాలి. పైన మేజర్ లీగ్ జట్లు 16. వాటి కింద చిన్న పట్టణాల్లో వందలాది మైనర్ లీగ్ జట్లు, వాటికి వేరే యజమానులు. కుర్రాళ్లు అక్కడ ఆడి రాటుదేలాక పెద్ద జట్లు డబ్బిచ్చి కొనుక్కునేవి. రికీ, ఆయన స్కౌట్లు ఊరూరా తిరిగి పనికొచ్చే కుర్రాణ్ని గుర్తించేవారు. ధర ఎంతని అడగ్గానే ఆ చిన్న జట్టు యజమాని న్యూయార్క్‌కో షికాగోకో టెలిగ్రాం కొట్టేవాడు. రికీ అడిగాడంటే వీడిలో ఏదో ఉండే ఉంటుందని వాళ్లు రెట్టింపు ధర పెట్టి తీసుకుపోయేవారు. వెతికే కష్టం ఈయనది, ఫలం డబ్బున్నవాళ్లది. చిన్న బడుల్లో పనిచేసే టీచర్లకు ఈ బాధ ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

కొనలేనప్పుడు పెంచుకోవడమే దారి అనుకున్నాడు రికీ. 1919 నుంచి హ్యూస్టన్, ఫోర్ట్ స్మిత్, సిరాక్యూస్ పట్టణాల్లోని మైనర్ జట్లలో వాటాలు కొనడం మొదలుపెట్టాడు. జట్టు మనదైతే అందులోని కుర్రాడూ మనవాడే, ఇంకొకడు వచ్చి ధర పెంచే అవకాశం లేదు. డబ్బు ఎలా వచ్చిందన్నది చదవదగ్గ సంగతి. 1920లో శామ్ బ్రెడన్ క్లబ్బు పగ్గాలు చేపట్టాడు. ఆ ఏడాదే కార్డినల్స్ పాతబడిన తమ సొంత మైదానాన్ని వదిలేసి బ్రౌన్స్ మైదానంలో అద్దెకు చేరారు. పాత స్థలం అమ్మగా వచ్చిన సొమ్ము ఈ పథకానికి పెట్టుబడి అయింది. ఆ స్థలంలో ఎక్కువ భాగంలో తర్వాత బోమంట్ హైస్కూల్ కట్టారు. రాయ్ సీవర్స్, ఎర్ల్ వీవర్ వంటి బేస్‌బాల్ ప్రముఖులు చదువుకున్నది ఆ బడిలోనే కావడం ఒక చిత్రం.

ఈ ఏర్పాటుకు ఫార్మ్ సిస్టమ్ అని పేరు పడింది. ఫార్మ్ అంటే పొలం. మన రైతు మాటలో చెప్పాలంటే నారుమడి అనడం ఇంకా సరిపోతుంది. విత్తనం ఒకచోట చల్లి, మొలక ఎదిగాక పీకి మరోచోట నాటడమే కదా ఇదీ! అడుగున డి తరగతి జట్లు, వాటిపైన సి, బి, ఎ, అన్నిటికీ పైన మేజర్ జట్టు. మన బడిలో పిల్లవాడు తరగతి తర్వాత తరగతి ఎక్కినట్టే అక్కడ ఆటగాడూ ఎక్కాలి. 1930ల చివరికి కార్డినల్స్ చేతిలో 30కి పైగా జట్లు, వాటిలో వందలాది కుర్రాళ్లు ఉండేవారు.

పిల్లల్ని ఎంచే విషయంలో రికీకి కొన్ని లెక్కలుండేవి. ఎవరైనా రావచ్చంటూ ఊరూరా ట్రయల్ క్యాంపులు పెట్టేవాడు. మొదట పరుగెత్తమనేవాడు, తర్వాత బంతి విసరమనేవాడు. ఈ రెండూ పుట్టుకతో రావాలి, మిగతావి చాలావరకు నేర్పవచ్చని ఆయన నమ్మకం. ఇంకో నమ్మకం, సంఖ్య పెద్దదైతే అందులోంచే నాణ్యత తేలుతుందని. పదిమందిని చూసి ఒకణ్ని ఎంచేవాడి కన్నా వెయ్యిమందిని చూసి, వందమందికి నేర్పి, ఐదేళ్లు ఆగి పదిమందిని ఎంచేవాడు తక్కువ పొరపడతాడన్నది ఆయన ఆలోచన. ఆ ఐదేళ్లు ఆగడమే అసలు విషయమని నాకనిపిస్తుంది. పిల్లవాడు ఏమవుతాడో మొదటి ఏడాదే తేల్చేయకుండా తనను తాను ఆపుకోవడానికి ఆయన ఏకంగా ఒక వ్యవస్థనే కట్టుకున్నాడు.

స్టాన్ మ్యూజియల్ సంగతి చూడండి. పెన్సిల్వేనియాలోని డోనోరా అనే కార్మికుల ఊరు. తండ్రి పోలండ్ నుంచి వలస వచ్చిన కూలి. 1938లో కార్డినల్స్ ఫార్మ్ జట్టుతో ఒప్పందం చేసుకున్నప్పుడు అతను ఎడమచేతి పిచర్. 1940లో బంతి కోసం దూకి ఎడమ భుజం మీద పడ్డాడు. పిచర్‌గా అతని కథ దాదాపు ముగిసింది. కొని తెచ్చుకున్న పిచర్ అయితే లెక్కలోంచి కొట్టేసేవారు. నారుమడిలోని కుర్రాడు కాబట్టి బ్యాట్ ఇచ్చి చూశారు. 1941 వేసవి మొదట్లో సి తరగతి జట్టులో ఉన్నవాడు ఆ సెప్టెంబర్‌కు మేజర్ జట్టుకు ఎక్కాడు. 22 సీజన్లు ఒక్క కార్డినల్స్‌కే ఆడి 3,630 హిట్లు కొట్టాడు. సొంత మైదానంలో 1,815, బయటి మైదానాల్లో సరిగ్గా మరో 1,815.

ఇంతవరకు చదివితే రికీ కుర్రాళ్ల పక్షం, స్టార్లకు వ్యతిరేకి అనిపిస్తుంది. అంత సులువు కాదు. ఆయన స్టార్లను అమ్మేవాడు, కుర్రాళ్లనూ అమ్మేవాడు. ఎవరిని ఎప్పుడు అమ్మాలన్నదే ఆయన విద్య. ఆటగాడు దిగజారడం మొదలయ్యాక కొనేవాడు ఉండడు. కాబట్టి ఒక ఏడాది ఆలస్యం కన్నా ఒక ఏడాది తొందరే నయమన్నది ఆయన పాటించిన నియమం.

కార్డినల్స్ ఫస్ట్ బేస్ స్థానం కథ వింటే ఇది బాగా అర్థమవుతుంది. మొదట అక్కడ జిమ్ బాటమ్లీ. ఫార్మ్ పథకం తొలి పంటల్లో ఒకడు. 1924లో ఒకే ఆటలో 12 పరుగులు తెప్పించి రికార్డు సృష్టించాడు. అతను పైన వెలుగుతుంటే కింద రోచెస్టర్ జట్టులో రిప్పర్ కాలిన్స్ అదే స్థానంలో ఆడుతూ ఎదురుచూశాడు. అక్కడ ఎంత బాగా కొట్టినా పైన ఖాళీ లేదు. 1931లో గానీ మేజర్ జట్టులోకి రాలేదు, అప్పటికి అతనికి 27 ఏళ్లు. 1932 డిసెంబర్‌లో బాటమ్లీని సిన్సినాటికి ఇచ్చేసి కాలిన్స్‌కు దారి ఇచ్చారు. 1934లో కాలిన్స్ 35 హోమ్ రన్లు కొట్టాడు, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ వచ్చింది. అయితే అప్పటికే కింద మరో కుర్రాడు జానీ మైజ్ తయారవుతున్నాడు. 1936లో మైజ్ వచ్చాడు, ఆ సీజన్ ముగియగానే కాలిన్స్‌ను షికాగోకు పంపి బదులుగా లాన్ వార్నెకీ అనే పిచర్‌ను తీసుకున్నారు. 1941 డిసెంబర్‌లో మైజ్ వంతు. అతని వయసు 28. న్యూయార్క్ జెయింట్స్‌కు ఇచ్చేశారు.

మైజ్ విషయంలో రికీ తొందరపడ్డాడనే నా అభిప్రాయం. ఆ తర్వాత 1947లో మైజ్ ఒకే సీజన్‌లో 51 హోమ్ రన్లు కొట్టాడు. యాంకీస్‌కు వెళ్లి ఐదు వరల్డ్ సిరీస్‌లలో భాగమయ్యాడు. అతనికి ఆడే వయసు అయిపోయిందని ఎవరూ అనలేరు. కానీ అటువైపు లెక్క కూడా చూడాలి. మైజ్ లేకుండానే 1942లో కార్డినల్స్ 106 ఆటలు గెలిచి, వరల్డ్ సిరీస్‌లో యాంకీస్‌ను ఓడించింది. మ్యూజియల్, ఈనస్ స్లాటర్, మార్టీ మారియన్, కూపర్ సోదరులు, ఇలా ఆ జట్టులో దాదాపు అందరూ సొంత నారుమడిలో ఎదిగినవాళ్లే. అంతకు ముందు 1926, 1931, 1934 కప్పులూ ఆ పొలం దిగుబడే.

డిజ్జీ డీన్ అమ్మకం మరో రకం. 1934లో 30 విజయాలు సాధించిన పిచర్ అతను. 1937 ఆల్‌స్టార్ ఆటలో బంతి తగిలి కాలి వేలు విరిగింది. అది నయం కాకుండానే విసరడంతో చెయ్యి పాడైంది. 1938 ఏప్రిల్‌లో షికాగో కబ్స్ ముగ్గురు ఆటగాళ్లతో పాటు 1,85,000 డాలర్లు ఇచ్చి అతన్ని కొన్నారు. చేతి సంగతి వాళ్లకు తెలియనిది కాదు, పేరు అంత పెద్దది! ఆ ఏడాది డీన్ కబ్స్‌కు ఏడు ఆటలు గెలిచిపెట్టాడు, వాళ్లు లీగ్ గెలిచారు కూడా. తర్వాతి మూడేళ్లలో కలిపి తొమ్మిది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనకే కాదు, అమెరికా క్లబ్బుల యజమానులకూ వర్తిస్తుంది. పొరుగు పెరట్లో చెట్టు ఎండుతున్నా సరే, అదే కావాలంటారు.

ఇక ఈ పొలంలో పనిచేసిన కుర్రాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. రికీ గురించి రాసేవాళ్లు ఈ భాగాన్ని త్వరగా దాటేస్తారు. నాకది న్యాయంగా తోచదు. అప్పటి నియమం ప్రకారం ఒకసారి సంతకం పెట్టిన ఆటగాడు తనంతట తాను మరో క్లబ్బుకు పోలేడు. క్లబ్బు వదిలితేనే విడుదల. అడుగు తరగతుల్లో నెల జీతం వంద డాలర్ల లోపే. ఒకే స్థానానికి పదిమంది ఎదురుచూస్తుంటే జీతం పెంచమని అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? పైగా ఆటగాళ్లను అమ్మిన సొమ్ములో రికీకి వాటా ఉండేది. పిసినారి అని పత్రికలు ఆయన్ని ఏళ్ల తరబడి ఎగతాళి చేశాయి. కాలిన్స్ కనీసం 27వ ఏట పైకి వచ్చాడు. పైకి రాకుండానే ముప్ఫై దాటి, మిల్లు పనికో పొలం పనికో తిరిగి వెళ్లినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వేరే క్లబ్బు దగ్గర ఉంటే వాళ్లలో కొందరైనా ఆడేవారు.

బేస్‌బాల్ కమిషనర్ జడ్జి లాండిస్ సరిగ్గా ఈ మాటే పట్టుకున్నాడు. ఒకే లీగ్‌లో ఎదురెదురుగా ఆడే ఒకటికి మించిన జట్ల మీద కార్డినల్స్‌కు లోపాయికారీ పట్టు ఉందని తేల్చి, 1938 మార్చిలో ఆ క్లబ్బు కుర్రాళ్లలో 70 మందికి పైగా స్వేచ్ఛ ఇచ్చేశాడు. వాళ్లలో పీట్ రీజర్ అనే కుర్రాడు బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు చేరి, మూడేళ్లకే లీగ్‌లో అత్యుత్తమ బ్యాటింగ్ సగటు సాధించాడు. లాండిస్ చెప్పింది ఒకటి నిజం. పిల్లల్ని పెంచడం వేరు, పిల్లల్ని పోగేసి తాళం వేయడం వేరు. రికీ రెండూ చేశాడు.

1942 చివర్లో బ్రెడన్‌తో పొసగక రికీ బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు వెళ్లాడు. యుద్ధ కాలం. కుర్రాళ్లంతా సైన్యంలోకి పోతున్నారు, ఇప్పుడు వెతకడం దండగ అని మిగతా క్లబ్బులు స్కౌట్ల ఖర్చు తగ్గించాయి. రికీ పెంచాడు. హైస్కూల్ కోచ్‌లకు వేల ఉత్తరాలు రాయించి, మీ బడిలో బాగా ఆడేవాడెవడని అడిగించాడు. యుద్ధం ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది, తిరిగి వచ్చేవాళ్లు మనవాళ్లై ఉండాలన్నది లెక్క. గిల్ హాడ్జెస్, డ్యూక్ స్నైడర్, రాల్ఫ్ బ్రాంకా ఆ ఏళ్లలో దొరికినవాళ్లే.

అందరూ వెతికే చోట కాక ఎవరూ వెతకని చోట వెతకాలన్న ఆ ఆలోచనే మరో గుమ్మం దాకా తీసుకెళ్లింది. నల్లవాళ్లను మేజర్ లీగ్‌లో ఆడనివ్వని కాలమది. 1903లో రికీ కాలేజీ జట్టు కోచ్‌గా ఉన్నప్పుడు చార్లెస్ థామస్ అనే నల్ల ఆటగాడికి సౌత్ బెండ్‌లోని హోటల్ గది ఇవ్వనంది. రికీ వాదించి తన గదిలోనే అతనికి మంచం వేయించాడు. ఆ రాత్రి థామస్ తన చర్మం ఊడిపోతే బాగుండునన్నట్టు చేతులు రుద్దుకుంటూ ఏడ్చాడని రికీ జీవితాంతం చెప్పుకున్నాడు. 1945 ఆగస్టు 28న రికీ జాకీ రాబిన్సన్‌ను బ్రూక్లిన్ ఆఫీసుకు పిలిపించి మూడు గంటల పాటు పరీక్షించాడు. 1946లో మాంట్రియల్ జట్టులో ఆడించి, 1947 ఏప్రిల్ 15న మేజర్ లీగ్‌లో దించాడు. రాబిన్సన్ వయసు అప్పటికే 28. అదే సీజన్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, 1949లో లీగ్ ఉత్తమ ఆటగాడు. వెనకే రాయ్ కాంపనెల్లా, డాన్ న్యూకమ్ వచ్చారు. ఇందులో ధర్మం ఉంది, వ్యాపారమూ ఉంది. రికీ ఆ రెండింటినీ విడదీసి చూసే మనిషి కాదు. రాబిన్సన్ అంతకు ముందు ఆడిన నల్లవారి జట్టు కాన్సాస్ సిటీ మోనార్క్స్‌కు ఒక్క డాలరైనా ఇవ్వలేదన్నదీ అదే కథలో భాగం. ఒకప్పుడు తన మొలకల్ని డబ్బున్నవాళ్లు ఎగరేసుకుపోతుంటే బాధపడ్డ మనిషే ఈయన.

ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో పాడుబడిన నౌకాదళ విమానాశ్రయాన్ని తీసుకుని 1948 నుంచి దాన్ని డాడ్జర్ల శిక్షణ ఊరుగా మార్చాడు. పిచర్ల గురి కోసం తాళ్లతో చట్రాలు కట్టించాడు, జారడం నేర్చుకోవడానికి ఇసుక గుంటలు తవ్వించాడు. ఉదయం ఉపన్యాసం, తర్వాత మైదానం. టర్కీ క్రీక్ పంతులు ఎక్కడికీ పోలేదు. అలెన్ రాత్ అనే గణాంక నిపుణుణ్ని ఉద్యోగంలో పెట్టుకుని ఆటను లెక్కల్లో చూడడమూ మొదలుపెట్టాడు. 1950లో వాటాల గొడవలో బ్రూక్లిన్ వదిలేయాల్సి వచ్చింది. 1955లో డాడ్జర్స్ తొలి వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆయన అక్కడ లేడు.

ఆయన ఉన్నది పిట్స్‌బర్గ్‌లో, పైరేట్స్ జనరల్ మేనేజర్‌గా, లీగ్‌లో అట్టడుగున. 1952లో ఆ జట్టు 42 గెలిచి 112 ఓడింది. చూడ్డానికి జనం వచ్చేది ఒక్క రాల్ఫ్ కైనర్ కోసం. వరుసగా ఏడేళ్లు లీగ్‌లో హోమ్ రన్లలో మొదటి స్థానం అతనిదే, కొన్నేళ్లు ఒంటరిగా, కొన్నేళ్లు ఇంకొకరితో కలిసి. అతను ఉన్నా చివరే, లేకున్నా చివరే అన్నది రికీ వాదన. 1953 జూన్‌లో కైనర్‌తో పాటు మరో ముగ్గుర్ని షికాగోకు ఇచ్చి ఆరుగుర్నీ కొంత నగదునీ తీసుకున్నాడు. ఊరు మండిపడింది. ఆ ఆరుగురిలో ఎవరూ పెద్దగా రాణించలేదు. కైనర్ కూడా వెన్ను నొప్పితో రెండున్నరేళ్లకే ఆట మానేశాడు. రికీ చెప్పింది నిజమే కావచ్చు, అయినా ఐదేళ్లుగా ఓడిపోతున్న ఊరికి ఉన్న ఒక్క ఆనందాన్నీ తీసేయడం చిన్న విషయం కాదు. నారు ఎదిగే దాకా ఇంటిల్లిపాదీ ఏం తినాలన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు.

చివరి స్థానానికీ ఒక లాభం ఉంది. కొత్తగా పెద్ద బోనస్ ఇచ్చి తీసుకున్న కుర్రాణ్ని మేజర్ జట్టులో ఉంచకుండా కింద దాచిపెడితే, ఏడాది తర్వాత ఇతర క్లబ్బులు నిర్ణీత ధరకు ఎంచుకోవచ్చన్న నియమం అప్పట్లో ఉండేది. ముందు ఎంచుకునేది చివర ఉన్న జట్టు. 1954లో రికీ మనిషి క్లైడ్ సుకెఫోర్త్ వేరే పిచర్‌ను చూడ్డానికి వెళ్లి, డాడ్జర్స్ మాంట్రియల్ జట్టులో ప్యూర్టోరికో కుర్రాడు రాబర్టో క్లెమెంటేను చూశాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందు రాబిన్సన్‌ను రికీ గదికి తీసుకొచ్చినవాడూ ఈ సుకెఫోర్తే. నవంబర్‌లో 4,000 డాలర్లకు క్లెమెంటే పిట్స్‌బర్గ్ వాడయ్యాడు. కుర్రాళ్లను దాచిపెట్టడం నేర్పిన గురువే తన పాత క్లబ్బు దాచిన కుర్రాణ్ని లాగేశాడు. జీవితమంతా అక్కడే ఆడిన క్లెమెంటే 3,000 హిట్లు కొట్టాడు. 1972 చివరి రోజున నికరాగ్వా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు.

1955లో రికీ ఆ పదవి నుంచి తప్పుకున్నాడు. వేసిన నారు ఐదేళ్ల తర్వాత పండింది. 1960 అక్టోబర్ 13న, వరల్డ్ సిరీస్ ఏడో ఆట చివరి వంతులో బిల్ మాజెరోస్కీ కొట్టిన హోమ్ రన్‌తో పైరేట్స్ 10–9తో యాంకీస్‌ను ఓడించింది. మాజెరోస్కీ, క్లెమెంటే, డిక్ గ్రోట్, ఎల్‌రాయ్ ఫేస్ రికీ తెచ్చినవాళ్లు. కానీ ఆ రోజు గెలిచిన పిచర్ హార్వీ హాడిక్స్ ట్రేడ్‌లో వచ్చినవాడు. రికీ తర్వాత వచ్చిన జో బ్రౌన్ ఇలాంటి అనుభవజ్ఞుల్ని కొందరిని తెచ్చి ఖాళీలు పూడ్చాడు. కుర్రాళ్లు మాత్రమే అయితే ఆ కప్పు వచ్చేది కాదు, కుర్రాళ్లు లేకపోతే ఆ ట్రేడ్‌లకు అర్థమూ ఉండేది కాదు.

అదే సీజన్ మధ్యలో, మే నెలలో, బ్రౌన్ మరో బేరం చేశాడు. విల్మర్ మైజెల్ అనే ఎడమచేతి పిచర్ కోసం కార్డినల్స్‌కు హూలియన్ హావియర్ అనే కుర్రాణ్ని ఇచ్చాడు. హావియర్ ఆడేది సెకండ్ బేస్‌లో. పిట్స్‌బర్గ్‌లో ఆ స్థానం మాజెరోస్కీది, కదిలేది కాదు. మైజెల్ ఆ ఏడాది పైరేట్స్‌కు 13 ఆటలు గెలిచిపెట్టాడు.

రికీ చివరి ఏళ్లలో మళ్లీ కార్డినల్స్‌కు సలహాదారుగా వచ్చాడు. వచ్చీ రాగానే, 1962లో 41 ఏళ్ల వయసులో .330 సగటు సాధించిన మ్యూజియల్ ఇక ఆట మానేయడం మంచిదని రాసి ఇచ్చాడు. సెయింట్ లూయిస్ మొత్తం ఆయన్ని తిట్టింది. 1963లో మ్యూజియల్ సగటు .255కు పడింది, ఆ ఏడాది చివర విరమించాడు. 1965 జూన్‌లో మేజర్ లీగ్ తొలిసారి డ్రాఫ్ట్ పెట్టింది. అంటే దేశంలోని కుర్రాళ్లను జట్లు వరుస ప్రకారం, బలహీన జట్టుకు ముందు వంతుగా ఎంచుకోవాలి. ఒకే క్లబ్బు వేలమందిని పోగేసే కాలం దాంతో ముగిసింది. ఆ నవంబర్ 13న మిస్సోరి రాష్ట్రం కొలంబియాలో సన్మాన సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ రికీ కుప్పకూలాడు. డిసెంబర్ 9న కన్నుమూశాడు. ఒహాయోలో, ఒకప్పుడు పాఠాలు చెప్పిన బడి ఉన్న కౌంటీలోనే, ఆయన సమాధి ఉంది.

1967లో ఆయన పేరును హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అదే ఏడాది అక్టోబర్‌లో కార్డినల్స్ మళ్లీ వరల్డ్ సిరీస్ ఏడో ఆట దాకా వెళ్లి బోస్టన్ మీద గెలిచింది. ఆ ఆటలో మూడు పరుగుల హోమ్ రన్ కొట్టినవాడు, ఏడేళ్ల కిందట పిట్స్‌బర్గ్ ఇచ్చేసిన హూలియన్ హావియర్.